కౌబాయ్ మారుమనస్సు పొందకూడదా?

తక్కువ ఖర్చుతో తీసే క్రైస్తవ కౌబాయ్ సినిమాల మీద సినిమా తెలిసినవాళ్ళు ఎప్పుడో తీర్పు చెప్పేశారు. అవి టోపీ పెట్టుకున్న ప్రసంగాలట. తుపాకి పట్టినవాడు చివరికి బైబిలు పడతాడని మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుందట. డబ్బు లేదు గనక నాలుగు గుర్రాలు, ఒక చెక్క ఇల్లు, ముఖాలు తెలియని నటులతో సరిపెడతారట. అసలు కౌబాయ్ కథంటే పగ, ఒంటరితనం, నడివీధిలో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు మనుషులు. అందులోకి క్షమాపణను తేవడం బయటి సరుకును బలవంతంగా దించడమేనట. ఈ తీర్పు ఎంతగా పాతుకుపోయిందంటే, ఇలాంటి సినిమా ఒక్కటి కూడా చూడకుండానే అందరూ చప్పరించేయగలుగుతున్నారు.

ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. ఇందులో పేదరికం గురించి అన్న మాట నిజమే గాని, దాన్నుంచి తీసిన నిర్ణయం తప్పు. క్షమాపణ బయటి సరుకు అన్న మాట మాత్రం మొదటినుంచీ అబద్ధం.

వెస్టర్న్, అంటే కౌబాయ్ సినిమాకు తొలి తార బ్రాంకో బిల్లీ ఆండర్సన్. 1903లో వచ్చిన ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’లో చిన్న వేషాలు వేసి, తర్వాత ఎసనే కంపెనీకి వందల కొద్దీ పొట్టి చిత్రాలు తీశాడు. అప్పట్లో వెస్టర్న్‌లు తీసే పద్ధతే అది: చవగ్గా, వేగంగా, ఎండ వెలుగులో. 1910లో ఆయన తీసిన ఒక చిత్రం పేరే ‘బ్రాంకో బిల్లీస్ రిడెంప్షన్’. చట్టానికి దొరకకూడని మనిషి ఆపదలో ఉన్నవాళ్ళకోసం తన తప్పించుకునే దారిని వదులుకోవడం ఆ పొట్టి చిత్రాల్లో పదే పదే కనిపించే కథ. అంటే సెర్జియో లియోనీ ఇటలీ నుంచి గడ్డం గీయని హంతకులను పంపడానికి యాభై ఏళ్ళకు ముందే, ఈ సినిమా తన మొదటి మాటలు నేర్చుకునే వయసులోనే, పాపి మారడం గురించి మాట్లాడుతోంది. బయటినుంచి వచ్చింది ఏదైనా ఉంటే అది తర్వాత వచ్చిన నిర్వేదమే.

పండితులు కూడా ఈ పొరపాటుకు దన్నుగా నిలిచారు. జేన్ టాంప్‌కిన్స్ 1992లో ‘వెస్ట్ ఆఫ్ ఎవ్రీథింగ్’ అనే పుస్తకం రాసింది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో స్త్రీలు రాసిన భక్తి నవలల మీద, ఇంటి మీద, చర్చి మీద తిరుగుబాటుగా వెస్టర్న్ పుట్టిందని, అందులో మాట స్థానంలోకి చేత, శిలువ స్థానంలోకి తుపాకి వచ్చాయని ఆమె వాదన. చదవదగ్గ పుస్తకం. చాలా పేరున్న సినిమాలకు ఆ వాదన అతికినట్టు సరిపోతుంది కూడా. 1952 నాటి ‘హై నూన్’ చూడండి. హీరో భార్య క్వేకరు అనే క్రైస్తవ శాఖకు చెందినది. ఆయుధం ముట్టకూడదనేది వాళ్ళ మత నియమం. చివరికి భర్తను కాపాడటానికి ఆమె ఒకణ్ణి వెనకనుంచి కాల్చి చంపుతుంది. దాన్ని ఆమె ఎదుగుదలగా మెచ్చుకున్నవాళ్ళున్నారు. నమ్మకం వదిలినప్పుడే మనిషి పెద్దవాడవుతాడన్న పాఠం అక్కడినుంచి రెండు తరాల ప్రేక్షకులు నేర్చుకున్నారు.

అయితే టాంప్‌కిన్స్ గీసిన పటంలో ఒక పాయ పూర్తిగా ఇమడదు. విలియం ఎస్. హార్ట్ 1916లో ‘హెల్స్ హింజెస్’ తీశాడు. ఈ హార్ట్ సినిమాల్లోకి రాకముందు నాటకాల మనిషి. 1899లో న్యూయార్కులో ‘బెన్ హర్’ నాటకం మొదటిసారి ఆడినప్పుడు మెస్సాలా వేషం ఆయనదే. ‘హెల్స్ హింజెస్’ కథ ఇది: పట్నంలో చదువుకున్న, మాటకారి అయిన, మనసు బలహీనమైన ఒక యువ పాదిరిని పెద్దలు పశ్చిమానికి పంపుతారు. వెంట చెల్లెలు ఫెయిత్. అతను చేరిన ఊరు సారాకొట్టు యజమాని సిల్క్ మిల్లర్ గుప్పిట్లో ఉంది. పాదిరిని తరిమేయడానికి మిల్లర్ బ్లేజ్ ట్రేసీ అనే తుపాకి వీరుడిని ఉసిగొల్పుతాడు. బ్లేజ్ ఆ చెల్లెలి ముఖం చూసి ఆగిపోతాడు. తర్వాత ఒక సన్నివేశం ఉంది, మూకీ సినిమా అభిమానులందరికీ గుర్తుండేది: సిగరెట్టు, సారా సీసా పక్కనే పెట్టుకుని బ్లేజ్ బైబిలు చదువుతుంటాడు. ఒక్క రాత్రిలో పరిశుద్ధుడైపోలేదు. పాత అలవాటు, కొత్త పుస్తకం రెండూ ఒకే బల్ల మీద ఉన్నాయి. మనిషి మారడం నిజంగా ఎలా ఉంటుందో ఇంత నిజాయితీగా చూపిన సన్నివేశాలు ఖరీదైన సినిమాల్లో ఎన్నున్నాయి?

మరి పాదిరి? అతను పతనమవుతాడు. మందు అలవాటు చేసి, ఆడదాన్ని ఎరవేసి అతణ్ణి పడగొడతారు. తన చర్చిని తగలబెట్టడానికి పోయే గుంపులో అతనే ఉంటాడు, అక్కడే చస్తాడు. ప్రసంగం అని తీసిపారేసే సినిమాల్లో పాదిరే అందరికన్నా నీచంగా కూలిపోతాడు, తుపాకి పట్టినవాడు మోకరిస్తాడు! ఏ ప్రచార చిత్రం తన ప్రచారకుణ్ణి ఇలా చూపిస్తుంది? క్రైస్తవ కథలో మొదటినుంచీ ఉన్న మాట ఇదే: ఆలయంలో ఉన్నవాడు బయటపడొచ్చు, బయట ఉన్నవాడు లోపలికి రావచ్చు. చివర్లో బ్లేజ్ కోపం ఆపుకోలేక సారాకొట్టుతో మొదలుపెట్టి ఊరంతా తగలబెడతాడు. అది క్షమ కాదు. హార్ట్ దాన్ని క్షమ అని నటించలేదు కూడా. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాడి చేతుల్లో పాత నిప్పు ఇంకా మిగిలే ఉందని ఆ మంటలు చెబుతాయి. అమెరికా జాతీయ చిత్ర సంపద జాబితాలోకి 1994లో ఈ సినిమా ఎక్కింది. ఎక్కక తప్పదు.

ఇక డబ్బు సంగతి. చవకగా తీసినవన్నీ గొప్పవని నేననను. కాని ఏ కథకు ఏది కావాలో చూడాలి. వంద గుర్రాల తొక్కిసలాటకు వంద గుర్రాలు కావాలి. పేలిపోయే వంతెనకు వంతెన కావాలి. ఒక మనిషి లోపల మెల్లగా తిరిగే మలుపుకు కావలసింది ఒక ముఖం, ఆ ముఖం మీద కెమెరా నిలపగల ఓపిక. పీటర్ బి. కైన్ రాసిన ‘ది త్రీ గాడ్‌ఫాదర్స్’ 1913లో పుస్తకంగా వచ్చింది. ముగ్గురు దొంగలు ఎడారిలో పారిపోతూ, చనిపోతున్న తల్లి చేతిలోంచి పసిబిడ్డను అందుకునే కథ. హాలీవుడ్ దాన్ని 1916, 1919, 1929, 1936, 1948లలో మళ్ళీ మళ్ళీ తీసింది. అందరికీ తెలిసింది చివరిది: జాన్ ఫోర్డ్ దర్శకత్వం, జాన్ వేన్, రంగులు. అందమైన సినిమా. నన్ను వదలనిది మాత్రం 1929లో విలియం వైలర్ తీసిన ‘హెల్స్ హీరోస్’.

వైలర్ అప్పటికి యూనివర్సల్ కంపెనీలో రెండు రీళ్ళ చౌక వెస్టర్న్‌లు తీస్తూ పని నేర్చుకున్న కుర్ర దర్శకుడు. నటులను, ధ్వనియంత్రాలను ఎడారిలోకి తీసుకుపోయాడు. ఈ సినిమాలో దొంగలు మంచివాళ్ళు కారు. న్యూ జెరూసలేం అనే ఊళ్ళో బ్యాంకు దోచి, క్యాషియరును చంపి పారిపోతారు. ఎడారిలో దొరికిన తల్లి బిడ్డను వాళ్ళ చేతుల్లో పెట్టి, తండ్రికి చేర్చమని అతని పేరు చెబుతుంది. వాళ్ళు చంపిన క్యాషియరే ఆ తండ్రి. ఇద్దరు దొంగలు దారిలోనే రాలిపోతారు. మూడోవాడు, చార్లెస్ బిక్‌ఫర్డ్ వేసిన బాబ్, నీళ్ళులేక పడిపోయే స్థితిలో విషపు నీటిగుంట దగ్గరికి చేరతాడు. ఆ నీళ్ళు తాగితే కాసేపట్లో చావు ఖాయం. తాగకపోతే బిడ్డను మోసే శక్తి ఉండదు. తాగుతాడు. క్రిస్మస్ రోజున చర్చిలో పాటలు పాడుతున్న జనం మధ్యకు బిడ్డతో నడిచివచ్చి కూలిపోతాడు.

ఆ సినిమాలో ఉన్నవి ఇసుక, ఎండ, ఒక పసికందు, ఒక హంతకుడి ముఖం. ఇంకో లక్ష డాలర్లిస్తే అది ఇంతకన్నా ఏమయ్యేది? ప్రాయశ్చిత్తం గురించి వేలపేజీల వేదాంతం చెప్పగలిగినదంతా ఆ నీళ్ళు తాగే క్షణంలో ఉంది. అక్కడ ఎవరూ ఎవరికీ బోధించరు. ఆ మనిషికి దేవుడి పేరు పలకడం కూడా సరిగ్గా రాదు. ఇలాంటిదాన్ని ప్రసంగం అనగలిగినవాళ్ళు ప్రసంగమూ విని ఉండరు, సినిమా కూడా చూసి ఉండరు.

తెలుగు ప్రేక్షకుడికి ఈ పాయ కనబడకపోవడానికి కారణం ఉంది. మనకు కౌబాయ్ ఇటలీ మీదుగా వచ్చాడు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో, కృష్ణ హీరోగా ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పుడు దాని వెనకున్నవి లియోనీ సినిమాలు: నిధి వేట, మోసం, ఎత్తుకు పైయెత్తు. ఆ సినిమా అంటే నాకు ఇష్టమే. దానివల్ల కౌబాయ్ అంటే ఇంతేనని మనం అనుకున్నాం. కాని పాపి మారే కథను మనవాళ్ళు ఎప్పుడైనా కాదన్నారా? 1947లో కె.వి. రెడ్డి తీసిన ‘యోగి వేమన’లో వేశ్య ఇంట్లో పడి ఉన్న మనిషి విరాగి అవుతాడు. 1957 నాటి ‘పాండురంగ మహాత్మ్యం’లో కన్నవాళ్ళను ఇంట్లోంచి గెంటిన పుండరీకుడు కాళ్ళు పోగొట్టుకుని వాళ్ళ పాదాలనే వెతుక్కుంటూ పాకుతాడు. ఆ రెంటినీ చూసి జనం ఏడ్చారు. ముగింపు ముందే తెలుసని ఎవరూ లేచిపోలేదు. పుండరీకుడు మారడం కళ, బ్లేజ్ ట్రేసీ మారడం మతప్రచారం అనే న్యాయం ఎక్కడిది? భక్తి చిత్రాన్ని గుండెకు హత్తుకున్న జాతికి ఈ సినిమాలు అర్థం చేసుకోవడానికి వేరే చదువు అక్కర్లేదు.

ఇప్పుడు గట్టి ఆక్షేపణకు వద్దాం. ఈ సినిమాలు క్షమను నమ్మినట్టు నటిస్తూ, చివరికి విలన్‌ను వేరొకరి తుపాకితో చంపిస్తాయని అంటారు. హీరో చేతులు శుభ్రంగా ఉంటాయి, ప్రేక్షకుడి కసి తీరుతుంది. దీనికి ఉదాహరణగా చూపేది 1947లో రిపబ్లిక్ పిక్చర్స్ నుంచి వచ్చిన ‘ఏంజెల్ అండ్ ద బ్యాడ్‌మ్యాన్’. రిపబ్లిక్ అంటే పొదుపు చిత్రాల కర్మాగారం. జాన్ వేన్ నిర్మాతగా తీసిన మొదటి సినిమా ఇది. రచయిత జేమ్స్ ఎడ్వర్డ్ గ్రాంట్‌కు దర్శకుడిగా మొదటిది. తర్వాతి కాలంలో కాపీరైటును పొడిగించుకోకపోవడంతో అది అందరి సొత్తయింది. నాణ్యతలేని ప్రతులుగా ఎక్కడపడితే అక్కడ దొరికింది. దాని పరువు తగ్గడానికి ఆ మసకబారిన ప్రతులూ ఒక కారణమే.

క్విర్ట్ ఎవాన్స్ అనే తుపాకి వీరుడు గాయపడి ఒక క్వేకరు కుటుంబం వాకిట్లో పడిపోతాడు. వద్దని డాక్టరు హెచ్చరించినా ఆ ఇంటివాళ్ళు అతణ్ణి లోపలికి తీసుకుంటారు. కూతురు పెనీ అతణ్ణి ప్రేమిస్తుంది. ఎగువన కార్సన్ అనే భూస్వామి నీళ్ళకు అడ్డుకట్ట వేసి వీళ్ళ పొలాలను ఎండబెడుతుంటాడు. క్విర్ట్ వెళ్ళి నిలబడతాడు, అతని పేరు వినగానే కార్సన్ నీళ్ళు వదిలేస్తాడు. మామూలు వెస్టర్న్ అయితే అక్కడ బలం గెలిచిందని ముగించేది. ఈ సినిమా మాత్రం ఆ తర్వాత క్వేకర్లు కార్సన్‌ను ఎలా ఆదరిస్తారో చూపిస్తుంది. భయంతో ఒదిగినవాడు ఆదరణతో మెత్తబడతాడు. నీటి తగాదాలతో తరాల పగలు పెంచుకున్న మన పల్లెల వాళ్ళకు ఈ సన్నివేశం విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ముగింపులో ఆక్షేపకులు చెప్పినదే జరుగుతుంది. పెనీ చావు అంచున ఉందన్న కోపంతో క్విర్ట్ పగ తీర్చుకోవడానికి ఊళ్ళోకి వస్తాడు. ఆమె బండిలో వెనకే వచ్చి అతని ముందు నిలుస్తుంది. అతను తుపాకి ఆమె చేతికిచ్చేస్తాడు. అప్పుడు శత్రువు లారెడో కాల్చబోతుంటే, క్విర్ట్‌ను ఉరితీయాలని సినిమా అంతా కాచుకున్న ముసలి మార్షల్ లారెడోనే కాల్చేస్తాడు. నిజమే, ఇది సులువైన తప్పుదారి. నేనైతే క్విర్ట్ చేతుల్లేని మనిషిలా అక్కడ ఇంకాసేపు నిలబడి ఉంటే చూడాలనుకుంటాను. అయినా ఆక్షేపకులు చూడనిది ఒకటుంది. తుపాకి ఇచ్చేసిన క్షణంలో క్విర్ట్‌కు మార్షల్ సంగతి తెలియదు. తను చచ్చిపోతానని తెలిసే ఇచ్చాడు. అతని నిర్ణయం సంపూర్ణం. రచయిత చేసినది బలహీనం. ‘హై నూన్’ ఐదేళ్ళ తర్వాత ఒక క్వేకరు స్త్రీ చేతికి తుపాకి ఇచ్చి ప్రశంసలు పొందింది. ఈ పేద సినిమా తుపాకి వీరుడి చేతిలోంచి దాన్ని తీసి క్వేకరు స్త్రీకి అప్పగించింది, ఆమె దాన్ని పేల్చలేదు. ఈ రెంటిలో ఏది ఎక్కువ ధైర్యం?

కాబట్టి ఈ తరహాలో పాడైన సినిమాలు చాలానే ఉన్నాయని ఒప్పుకుంటూనే చెబుతున్నాను: అవి విశ్వాసం ఎక్కువై పాడవలేదు, తక్కువై పాడయ్యాయి. దేవుడు క్షమిస్తాడని చెబుతూనే, ప్రేక్షకుడు క్షమించగలడని నిర్మాత నమ్మలేడు. అందుకే చివర్లో ఒక తూటా చాటుగా దాచిపెట్టుకుంటాడు. టీవీ కోసం తీసే ఇప్పటి చిత్రాల్లోనూ ఈ భయం కనిపిస్తుంది. 2014లో హాల్‌మార్క్ వాళ్ళ సినిమా ఛానల్‌లో వచ్చిన ‘ది రిడెంప్షన్ ఆఫ్ హెన్రీ మైయర్స్’ది, తోటి దొంగలు మోసగించిన మనిషిని ఒక విధవరాలు, ఆమె పిల్లలు చేరదీసే కథ, అంటే క్విర్ట్ ఎవాన్స్ వాకిలే. 2003 నాటి ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ దానికన్నా మేలు. పశ్చిమానికి వచ్చీ రాగానే భర్తను పోగొట్టుకున్న స్త్రీ, దేవుడు ఎందుకిలా చేశాడని అడిగే ప్రశ్నను ఆ సినిమా మూసేయదు. సున్నితంగా, కొంచెం మెత్తగా చెబుతుంది. ఆ మెత్తదనాన్ని వెక్కిరించేవాళ్ళు, ఆరిన పొయ్యి ముందు పరాయి మగాడి ఇంట్లో కూర్చున్న ఆ మనిషి దుఃఖాన్ని కూడా వెక్కిరిస్తున్నారు.

గట్టిదనం కావాలంటే 1950లో జాక్ టర్నర్ తీసిన ‘స్టార్స్ ఇన్ మై క్రౌన్’ ఉంది. టర్నర్ అప్పటికే ‘క్యాట్ పీపుల్’, ‘ఔట్ ఆఫ్ ద పాస్ట్’ తీసిన దర్శకుడు. ఈ కథ మీద మోజుతో కనీస జీతానికి ఒప్పుకుని తీశాడు. జోయెల్ మక్రే వేసిన పాదిరి ఊళ్ళోకి వచ్చిన మొదటి రోజు సారాకొట్టులో రెండు పిస్తోళ్ళు తీసి బల్ల మీద పెట్టి మొదటి ప్రసంగం చేస్తాడు. అందరికీ గుర్తుండేది ఆ సన్నివేశం. సినిమా సారం మరోచోట ఉంది. ఊళ్ళో టైఫాయిడ్ వస్తుంది. జబ్బు తనవల్లే పాకుతోందన్న అనుమానంతో పాదిరి చర్చి తలుపు మూసుకుని, తన పిలుపునే శంకించుకుంటాడు. ఆ తర్వాత ఫేమస్ ప్రిల్ అనే నల్లజాతి ముసలాయన పొలం కింద అభ్రకం ఉందని తెలిసి, ముసుగులేసుకున్న గుంపు ఆయనను ఉరితీయడానికి వస్తుంది. పాదిరి ఈసారి పిస్తోళ్ళు తేడు. ముసలాయన వీలునామా అంటూ ఒక కాగితం తీసి చదువుతాడు: ఎవరెవరికి ఏమేమి వదిలిపోతున్నాడో, చిన్నప్పుడు ఎవరిని చేపలకు తీసుకెళ్ళాడో. ఒక్కొక్కరే తలదించుకుని వెళ్ళిపోతారు. పిల్లవాడు కాగితం తీసి చూస్తే అందులో ఏమీ రాసిలేదు. ఒక్క తూటా లేకుండా అంత ఉత్కంఠ పుట్టించిన ముగింపు వెస్టర్న్‌లో నేనింకొకటి చూడలేదు. ఇది పశ్చిమం కాదు, దక్షిణాది ఊరు, కనుక వెస్టర్న్ కాదని కొందరు గీత గీస్తారు. గీసుకోనివ్వండి.

అయినా ఆ సినిమా దగ్గర ఆగిపోకూడదు. ఈ పాయ మీద నా అసలు ఫిర్యాదు విమర్శకులు చెప్పేదానికి భిన్నమైనది. పశ్చిమంలో నిజంగా జరిగిన పాపాల దగ్గరికి ఈ సినిమాలు అరుదుగా వెళతాయి. దోచిన బ్యాంకు గురించి పశ్చాత్తాపం ఉంటుంది, దోచిన నేల గురించి ఉండదు. అమెరికా సరిహద్దు చరిత్రలో మతం బయటనుంచి అద్దింది కాదు. ముప్పైమందికి తక్కువ కాకుండా చంపానని చెప్పుకున్న జాన్ వెస్లీ హార్డిన్ మెథడిస్టు పాదిరి కొడుకు. ఆ పేరు మెథడిస్టు మూలపురుషుడిది. 1864 నవంబరు 29న కొలరాడోలోని శాండ్ క్రీక్ దగ్గర షయాన్, అరాపాహో గూడేల మీద పడి ఆడవాళ్ళనూ పిల్లలనూ నరికించిన కర్నల్ జాన్ చివింగ్టన్ స్వయంగా మెథడిస్టు బోధకుడు. అదే దండులో కెప్టెన్ సైలస్ సౌల్ తన మనుషులను కాల్చనివ్వలేదు. తర్వాత విచారణలో చివింగ్టన్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. 1865 ఏప్రిల్‌లో డెన్వర్ వీధిలో అతణ్ణి కాల్చి చంపారు.

సౌల్ కథకు గుర్రాల దండు అక్కర్లేదు. ఒక ఉదయం, వాగు ఒడ్డు, గుర్రం మీద కదలకుండా కూర్చున్న ఒక మనిషి, కాల్చమని అరిచే ఒక పాదిరి చాలు. తర్వాత సాక్ష్యం చెప్పే ఒక గది. క్రైస్తవ వెస్టర్న్‌లు తీసే నిర్మాతలు విశ్వాసాన్ని ఎవరికి నిరూపించుకోవాలో తేల్చుకుని, ఆ గదిలోకి కెమెరా తీసుకుపోవాలి. వాళ్ళ దగ్గర ఉన్నపాటి డబ్బు దానికి సరిపోతుంది.